కోటు తొడిగిన కుర్చీలు

కొండ రోడ్డు ఆఖరి మలుపులో ఉన్న ఆ ఊరికి బ్యాండులను రప్పించే పని దర్జీ నెత్తికెత్తుకున్నాడు. మెడలో టేపు, చెవి వెనక సుద్దముక్క, మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ల భుజాలు కొలిచే చూపు. పాట వినిపిస్తే చాలు, కుడికాలు మిషను తొక్కుతున్నట్టే ఆడుతుంది. హాల్లో అరవై కుర్చీలు వేస్తాడు, వచ్చేది పదిమంది. అంతదూరం వ్యానులో వచ్చినవాళ్ల మనసు చివుక్కుమంటుందని, ఈసారి కొట్లో గుండీలు కుట్టడం మాత్రమే మిగిలి నెలల తరబడి వేలాడుతున్న కోట్లన్నీ తెచ్చి ఖాళీ కుర్చీలకు తొడిగాడు.

"వీళ్లంతా టీ తాగడానికి వెళ్లారమ్మా, మీరు కానివ్వండి," అన్నాడు ఆరోజు వచ్చిన బ్యాండు గాయనితో.

ఆమె మర్యాదస్తురాలు. "పర్లేదు బాబాయ్, వాళ్లని కూడా రానివ్వండి," అని మైకు పక్కన పెట్టి కూర్చుంది.

పావుగంట గడిచింది. దర్జీ గబగబా బయటికి నడిచాడు. టికెట్ల బల్ల దగ్గరున్న భార్యతో, "అందరికీ ఫోన్ చెయ్యి. కోటు రెడీ అయింది, హాలుకొచ్చి తీసుకెళ్లమను," అన్నాడు.

"ఆర్నెల్లుగా రేపు రమ్మంటున్నాంగా, ఎవరు నమ్ముతారు?" అందామె ఫోను అందుకుంటూనే.

ఎవరూ నమ్మలేదు గాని, చూసిపోదామని అందరూ వచ్చారు. ఎవరి కోటు తొడిగిన కుర్చీలో వాళ్లు కూర్చున్నారు. పాట మొదలయ్యాక గుండీల సంగతి ఎవరూ ఎత్తలేదు.

అప్పట్నుంచి కోటు ఎప్పుడిస్తావని అడిగితే దర్జీ తేదీ చెప్పడం మానేశాడు. రాబోయే బ్యాండు పేరు చెబుతాడు.