చిన్నమ్మ భయం, నా సైకాలజీ రికార్డు

మా తమ్ముడి కూతురు డీఎస్సీ కోచింగ్ కోసమని మార్కాపురంలో మా ఇంట్లో ఉంటోంది. దాని చదువంతా నోటితోనే. పొద్దున లేచింది మొదలు హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరుగుతూ సైకాలజీ పాఠాలు పైకి చదువుతుంది. వంటింట్లో కూరగాయలు తరుక్కుంటూ నేను వద్దనుకున్నా వింటాను. ఉద్దీపన, ప్రతిస్పందన, పునర్బలనం... రిటైరైన టీచరమ్మను కదా, ఈ మాటలు నాకు కొత్తవి కావు. అందులో ఒక కుక్క ఉంటుంది. దానికి తిండి పెట్టేముందు గంట కొడతారు. కొన్నాళ్ళకు తిండి కనబడకపోయినా గంట వినగానే దానికి నోరూరుతుంది. ఆ తర్వాత ఉత్త గంటే కొడుతూ తిండి పెట్టడం మానేస్తే నోరూరడమూ ఆగిపోతుంది. దీన్ని విరమణ అంటారు. నేను బీఎడ్ చదివిన రోజుల్లో ఉన్న కుక్కే ఇప్పటికీ ఉంది, పాపం, దానికి రిటైర్మెంట్ రాలేదు. మొన్న పిల్ల నడక ఆపి, వంటింటి గుమ్మంలో నిలబడి, "అత్తా, విరమణకు ఈ కుక్క గాక వేరే ఉదాహరణ ఏదన్నా చెప్పు. సొంతంగా రాసుకరమ్మన్నాడు మా సారు" అంది. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద కుక్కర్ ఈల వేసింది. చేతిలో వంకాయ అట్లాగే వదిలేసి వెళ్ళి స్టవ్ ఆపేశాను. ఇంకా రెండు ఈలలు రావాలి, పప్పు ఉడకదు అని పిల్ల అంటూనే ఉంది. ఉడక్కపోతే పోయింది.

దాదాపు నలభై ఏళ్ళ కిందటి మాట. మాది వెలిగండ్ల పక్క పల్లె. కూలికి పోతే గాని పొయ్యి వెలగని మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి ఆడపిల్లను నేనే. ఆ సంగతి చర్చిలో ప్రార్థనప్పుడు కూడా నాయన ఎవరో ఒకరికి చెప్పకుండా ఉండేవాడు కాదు. మార్కాపురం దగ్గర బీఎడ్ సీటు వస్తే, ట్రంకుపెట్టెతో సహా నన్ను చిన్నమ్మ ఇంట్లో దించిపోయాడు. చిన్నమ్మంటే మా అమ్మ చెల్లెలు. చిన్నాయన పోయి అప్పటికి ఐదారేళ్ళు. పిల్లల్లేరు. ఊరవతల పలకల గనిలో పనికి పోయేది. బడిపిల్లలు రాసుకునే పలకల రాయి అక్కడ దొరుకుతుంది. మగవాళ్ళు మందు పెట్టి రాయిని పేలుస్తారు, ఆడవాళ్ళు పనికిరాని ముక్కల్ని తట్టలకెత్తుకొని పోయి దూరంగా పోస్తారు. చిన్నమ్మ బక్కపలచటి మనిషి, ఒక్కచోట నిలబడటం చేతకాదు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే అందరికన్నా ఒక మాట ముందే ఉండేది. "నిదానమమ్మా, ప్రభువు ఎక్కడికీ పోడు" అని పాస్టరుగారు ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. నాకు ఆ మనిషంటే ప్రాణం.

కుక్కర్ ఆ ఇంట్లోకి నా వల్లే వచ్చింది. కాలేజీకి పోయేముందు పిల్ల గబగబా వండుకోవాలని నాయన కంభం సంతలో కొనుక్కొచ్చాడు. మొదటి రోజు నేను అన్నం పెట్టి, చాపలో కూర్చొని పాఠం రాసుకుంటున్నాను. చిన్నమ్మ ఇల్లు ఊడుస్తోంది. కుక్కర్ కుయ్యిమంది. అంతే, చీపురు ఎటు పోయిందో, నా పెన్ను ఎటు పోయిందో తెలియదు. చిన్నమ్మ నా మణికట్టు పట్టుకొని ఈడ్చుకుంటూ వీధిలోకి పరుగెత్తింది. ఎదురింటి గోడ చాటున నన్ను కూలేసి, తల మీద కొంగు కప్పి, తానూ ముడుచుకొని కూర్చుంది. నేను ఏమైందో అడిగేలోగా అన్నం మాడిన వాసన వీధి చివరిదాకా పోయింది. ఎదురింటామె కడుపు పట్టుకొని నవ్వింది. చిన్నమ్మ కూడా నవ్వింది గానీ, నా మణికట్టు మాత్రం చాలాసేపు వదల్లేదు. ఆ తర్వాత కూడా అది రోజూ జరిగే తంతే అయింది. వీధి పిల్లలు ఊరికే నోటితో ఈల వేసి, చిన్నమ్మ ఉలిక్కిపడితే కేకలు పెట్టేవాళ్ళు. వాళ్ళను తరిమికొట్టడం నా వంతు.

సంగతేమిటంటే, గనిలో మందు పేల్చేముందు మేస్త్రీ మూడు ఈలలు వేస్తాడు. మొదటిదానికి చేతిలో ఉన్నది కింద పెట్టాలి, రెండోదానికి పరుగెత్తాలి, మూడోదానికి గోడ చాటున ఉండాలి. అక్కడ ఇంకొక కట్టుబాటు ఉంది. ఎవరూ ఒంటరిగా పరుగెత్తకూడదు, పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకొనే పోవాలి. ఎందుకంటే ఆ పేలుళ్ళకు ఏళ్ళ తరబడి చెవులు పోయినవాళ్ళు గనిలో చాలామంది. వాళ్ళకు ఈల వినపడదు, పక్కవాళ్ళ చెయ్యే వాళ్ళ చెవి. చిన్నమ్మ జతలో పనిచేసే ఆమె అట్లాంటిదే. చిన్నమ్మ ఆమెను అక్కా అనేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. చెవి పక్కన నిలబడి అరిచినా చిరునవ్వే సమాధానం. పదేళ్ళ పాటు రోజుకు ఒకటి రెండుసార్లు ఆమెను ఈడ్చుకొని పరుగెత్తీ పరుగెత్తీ చిన్నమ్మకు అది ఒంట్లో ఇంకిపోయింది. ఇంట్లో ఈల వింటే, పక్కన ఎవరుంటే వాళ్ళ చెయ్యి.

ఆ ఏడు సైకాలజీ సారు, ఎవరిదైనా ఒక ప్రవర్తన ఎన్నుకొని, పాఠంలో చెప్పిన పద్ధతిలో మార్చి, రికార్డు రాసి తెమ్మన్నాడు. మిగతావాళ్ళు గోళ్ళు కొరికే పిల్లల్ని వెతుక్కుంటూ బడుల చుట్టూ తిరిగారు. నాకు ఇంట్లోనే దొరికింది. ఈల వినిపించాలి, తర్వాత ఏమీ జరగకూడదు. అట్లా పదే పదే చేస్తే భయం దానంతటదే పోవాలి. కుక్కర్ రోజుకు ఒక్కసారే కదా కూసేది, అది చాలదని బజారుకు పోయి, డ్రిల్లు మాస్టార్లు మెడలో వేసుకునే ఇనప ఈల కొనుక్కొచ్చాను. చిన్నమ్మ దాన్ని చూసి, "ఇది మా మేస్త్రీ ఈలే గదా పాపా, అట్లాంటిదే" అంది. "అయితే మరీ మంచిది చిన్నమ్మా, మొదలంటా పోతుంది" అన్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ఎంత తెలుసో! చిన్నమ్మ ఒకే ఒక్క మాట అడిగింది. "దీనికి మార్కులేస్తారా?" వేస్తారన్నాను. "అయితే ఊదు" అంది.

మూడు వారాలు, రోజూ సాయంత్రం ఆమె పని నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక, మంచం మీద కూర్చోబెట్టి పదిసార్లు ఊదేదాన్ని. స్కేలు పెట్టి పట్టిక గీశాను. ఎన్నోసారికి లేచింది, ఎన్నిసార్లు ఉలిక్కిపడింది, ఎన్నిసార్లు ఊరుకుంది. మొదటి రోజుల్లో పదికి పదిసార్లూ లేచి నా చెయ్యి పట్టుకుంది. వారం దాటేసరికి సగమైంది. మూడో వారంలో నేను ఊదుతుంటే కదలకుండా, ఎదుటి గోడ వైపు చూస్తూ కూర్చుంది. మంచం పట్టెను రెండు చేతులతో పట్టుకొని కూర్చునేది. అది నేను చూశాను. చూసి కూడా పట్టికలో రాయలేదు, ఎందుకంటే దానికి గడి లేదు. రికార్డు చివర "భయ ప్రతిస్పందన పూర్తిగా విరమించినది" అని గుండ్రంగా రాశాను. సారు ఎర్ర ఇంకుతో చాలా బాగుంది అని రాసి సంతకం పెట్టాడు. ఆ రోజు చిన్నమ్మకు బజారు నుంచి పావుకిలో జిలేబీ తెచ్చి పెట్టాను. ఆ రికార్డును బోర్లించీ తిప్పీ చూసి, చదువు రాదు కదా, ఎర్ర ఇంకు మీద వేలు పెట్టి, "ఇదేనా మార్కు?" అని మురిసిపోయింది.

ఆ తర్వాత నాలుగో రోజు మధ్యాహ్నం, క్లాసులో ఉండగా ఎదురింటామె కాలేజీకే వచ్చింది. గనిలో దెబ్బ తగిలిందట, పెద్దాసుపత్రికి తీసుకుపోయారట. ఎవరికి అంటే ఆమెకు సరిగా తెలియదు. నేను ఎట్లా పోయానో నాకు గుర్తులేదు. ఆసుపత్రి వరండాలో చిన్నమ్మ గోడకానుకొని కూర్చొని ఉంది. చీరంతా రక్తం. ఆ రక్తం పెద్దమ్మది. రాయి ఎగిరొచ్చి మోకాలి కింద పడి, ఎముక నుజ్జయింది. బయట మేస్త్రీ అందరికీ చెప్పుకుంటున్నాడు, "మూడు ఈలలూ వేసినానయ్యా, దేవుడి తోడు! అందరూ లేసినారు, ఈ ఇద్దరే లేయలా" అని. నేను పక్కన కూర్చున్నాక, చిన్నమ్మ నా వైపు చూడకుండానే మెల్లిగా చెప్పింది.

"ఆయన తప్పేం లేదు పాపా. మొదటి ఈల విన్నా. రెండోదీ విన్నా. కాళ్ళు లేస్తా ఉంటే, ఇంటికాడ అలవాటైపాయె గదా, బిగబట్టుకొని కూసున్నా. మూడోది పడినంక గాని గనిలో ఉండానని తెలవలా. అప్పుడు పట్టినా అక్క చెయ్యి."

"భయం పోయిందన్నావు కదా చిన్నమ్మా!"

"యాడ పోతాది. నీకు మార్కులు రావాలని పోయిందని చెప్పినా." చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "ఎవురికీ చెప్పమాక. నీ చదువుకు అడ్డమొస్తాది" అంది.

నేను చెప్పలేదు. సారుకు చెప్పలేదు, నాయనకు చెప్పలేదు, పెద్దమ్మకు అసలే చెప్పలేదు. అదే పుస్తకంలో తర్వాతి పేజీలో విచక్షణ అని ఒక పాఠం ఉంది. ఒకే రకం శబ్దాలు రెండుంటే, దేనికి స్పందించాలో దేనికి ఊరుకోవాలో నేర్పే సంగతి. నా రికార్డుకు అది అవసరం లేదని వదిలేశాను. ఆ రికార్డుకు వచ్చిన మార్కులు కూడా కలిస్తేనే నాకు ఫస్టు క్లాసు వచ్చింది. ఫస్టు క్లాసుతో గిద్దలూరు వైపు టీచరు ఉద్యోగం వచ్చింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎంతమంది పిల్లలకు ఎన్ని పాఠాలు చెప్పానో! ఎవరైనా పిల్ల బెంచీ అంచు గట్టిగా పట్టుకొని కూర్చుంటే మాత్రం పాఠం ఆపేసేదాన్ని.

పెద్దమ్మ బతికింది గానీ, కర్ర లేకుండా నడవలేదు, మళ్ళీ గనికి పోలేదు. మా ఇద్దరికీ దానికన్నా పెద్ద శిక్ష ఇంకొకటి ఉంది. చర్చిలో ఆదివారం, దేవుడు చేసిన మేలును అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ, కర్ర పోటుతో లేచి నిలబడి, చెవిటివాళ్ళు మాట్లాడే గట్టి గొంతుతో చెప్పేది. "మా చెల్లెలు చెయ్యి పట్టి లాగబట్టే ఈ పొద్దు మీ ముందర నిలబడుండా. దేవునికి స్తోత్రం. మా చెల్లెలు చల్లంగుండాల!" అందరూ చిన్నమ్మ వైపు తిరిగి స్తోత్రం అనేవాళ్ళు. నేను సెలవులకు వచ్చినప్పుడల్లా ఆ మాటలు వినాల్సి వచ్చేది. చిన్నమ్మ తల వంచుకొని చాప పుల్లలు లెక్కపెట్టేది. పాట ఒక మాట ముందు ఎత్తుకోవడం ఆ ఏడే మానేసింది. అందరూ ఎత్తుకున్నాక, చివర్లో, వినపడీ వినపడనట్లు కలిసేది. పాస్టరుగారు సంతోషించి ఉంటారు. నాకైతే ఏడుపొచ్చేది.

పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. చిన్నమ్మను చివరి ఐదేళ్ళూ నేనే నా దగ్గర పెట్టుకొని చూసుకున్నాను. ఆ నలభై ఏళ్ళలో ఇంట్లో ఎన్ని వేల ఈలలు మోగాయో, ఒక్కదానికీ ఆమె కదల్లేదు. పోయిన ఏడాది జ్వరంతో మంచాన పడి, మాట తడబడటం మొదలైంది. ఒకరోజు పది గంటలప్పుడు ఆమెకు జావ తాపిస్తున్నాను. వంటింట్లో కుక్కర్ కూసింది. లేవలేని మనిషి లేచి కూర్చుంది. గిన్నె కింద పడింది. నా మణికట్టు పట్టుకొని, "లెయ్యక్కా, ఈల పడింది, లెయ్!" అని మంచం దిగింది. ఆ పట్టు ఎంత గట్టిదో నాకు మాత్రమే తెలుసు. నేను ఆపలేదు. ఇద్దరం పడుతూ లేస్తూ వాకిట్లోకి పోయాం. ప్రహరీ గోడ పక్కన నన్ను కూర్చోబెట్టి, తల మీద కొంగు కప్పింది. లోపల రెండో ఈల మోగింది, మూడోదీ మోగింది. అప్పుడు కొంగు తీసి, నా కాలు మోకాలి కింద తడిమి చూసి, "దెబ్బ తగల్లేదు గదక్కా?" అంది.

"లేదు చెల్లే. ముందే లాగినావు గదా" అన్నాను.

ఎంత నవ్విందో! తర్వాత పది రోజులకు పోయింది. పోయిందనుకున్న ప్రతిస్పందన ఎన్నాళ్ళకో ఎవరి ప్రమేయమూ లేకుండా తిరిగి రావడాన్ని పుస్తకంలో అయత్నసిద్ధ స్వాస్థ్యం అంటారు. స్వాస్థ్యమనే మాట పెట్టినవాళ్ళెవరో గానీ, వాళ్ళకు నా దండం.

ఇదంతా మొన్న పిల్లకు చెప్పాను, మొదటిసారి ఒక మనిషికి. అది పెన్ను పట్టుకొని వింటూ ఒక్క అక్షరమూ రాయలేదు. అంతా అయ్యాక, "అత్తా, నువ్వు కావాలని చేసినావా ఏంది?" అని నా చెయ్యి పట్టుకుంది. కావాలని చేయలేదు, నిజమే. పట్టె అంచున ఆ చేతులు చూశాను, అదీ నిజమే. సారుకు కుక్క ఉదాహరణే రాసుకొనిపొమ్మని చెప్పి, పప్పు మళ్ళీ పొయ్యి మీద పెట్టాను. మొదటి ఈలకూ మూడో ఈలకూ మధ్య, పక్క మనిషి చెయ్యి పట్టుకొని బయటపడేంత సమయం ఉంటుందని చిన్నమ్మ చెప్పేది. నా వయసు అరవై దాటుతోంది గానీ, ఆ కాస్త సమయంలోంచి నేనింకా బయటికి రాలేదు.