చంకలో ఉల్లిపాయ

నా చిన్నప్పుడు గోదావరి పొంగిందంటే రాజోలు దగ్గర మా లంకలో అందరి చూపూ పడవ కోసమే. ఆ ఏడు నీళ్ళు ఒక్క పూటలో అరుగులు ముంచేశాయి. అమ్మానాన్న లేని నన్ను పెంచింది మా తాతయ్య. ఆయన బౌద్ధం తీసుకున్న మనిషి. రోజూ పొద్దున్నే నాచేత పంచశీల చెప్పించేవారు. ఇవ్వనిది తీసుకోను, అబద్ధం ఆడను అని నేను నిద్రమత్తులో అప్పజెప్పేదాన్ని.

పడవ వచ్చింది. జబ్బుగా ఉన్నవాళ్ళనే ముందు ఎక్కిస్తామన్నారు. నాకు ఈత రాదు, చచ్చేంత భయం. బడి ఎగ్గొట్టే పిల్లలు చేసే పనే నేనూ చేశాను. ఉల్లిపాయ చితక్కొట్టి చంకలో పెట్టుకున్నాను. దానివల్లనో, భయంవల్లనో, ఒళ్ళు మాత్రం వేడెక్కింది. పడవాయన నా నుదురు పట్టుకుని, "పిల్ల కాలిపోతందండీ, ఎక్కించెయ్యండి" అన్నాడు.

మిగిలింది ఒక్కరికే చోటు. నా వెనక పక్కింటి అక్క వారం రోజుల బిడ్డతో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి ఉంది. పచ్చి బాలింతరాలు. "పాపం జ్వరంతో ఉంది, దాన్నే పంపండి తాతగారూ" అంది.

తాతయ్యకు ఉల్లిపాయ వాసన తగిలింది. నా చంకలోంచి దాన్ని తీసి, "దీనికి జ్వరం లేదండీ. ఆ చోటు బాలింతరాలిది" అన్నారు.

పడవ వెళ్ళిపోయింది. ఇంత రాతిగుండె మనిషి ఉంటాడా అని ఆయన్ని గుద్దాను, రక్కాను, నువ్వు చచ్చిపో అన్నాను. ఆయన నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని వసారా గుంజ పట్టుకుని నిలబడ్డారు. నీళ్ళు ఆయన గుండెల దాకా వచ్చాయి. "నాకూ బయ్యంగానే ఉందమ్మా" అన్నారొకసారి. ఆయన ఏడుస్తున్నట్టు భుజాల కదలికను బట్టి తెలిసింది.

పొద్దు వాలేవేళకి పడవ తిరిగొచ్చింది. అక్కా బిడ్డా బతికారు. తాతయ్యకు నెమ్ము చేసింది. పది రోజులకే పోయారు. నేనన్న మాట అన్నట్టే ఉండిపోయింది. దాన్ని వెనక్కి తీసుకునే వీల్లేకపోయింది.

మొన్నటి వరదకీ పడవ మా గుమ్మం ముందుకొచ్చింది. మళ్ళీ ఒక్కరికే చోటు. నా పక్కనే నిలబడ్డ వెనకింటావిడ ఆయాసంతో ఎగశ్వాస తీస్తోంది. "మామ్మగారూ, ఒంట్లో ఎలా ఉందండీ?" అని నన్నడిగాడు పడవ నడిపే అతను. గుండె దడగా ఉందంటే చాలు, ఈ వయసులో ఎవరూ పట్టి చూడరు. నాకింకా ఈత రాదు.

"మోకాళ్ళ నొప్పులేనండీ, జబ్బేం లేదు. ఆవిణ్ణి ఎక్కించుకోండి" అన్నాను. పడవ కనుమరుగయ్యేదాకా వరండా స్తంభాన్ని రెండు చేతులా పట్టుకునే ఉన్నాను.