మంగళవారం ఒడ్డున లాగిన తాళ్ళు

టీచర్ ఎఫువా మంగళవారం సముద్రంలో వల లాగిందని ఊరంతా అంటున్నారు. అబద్ధం. చేపలు పొగబెట్టే నా పొయ్యి ఒడ్డునే ఉంది, జరిగిందంతా నేను చూశాను.

మంగళవారం సముద్రానికి విశ్రాంతి. ఆ రోజు వలలు బాగుచేసుకోవచ్చు గాని నీళ్ళలో వేయకూడదు. వేస్తే జాలర్ల పెద్ద నానా ఎగీర్ ఆ ఇంటి పడవను కదలనివ్వడు. చేపలు విరగబడే ఈ రోజుల్లో ఎఫువా వాళ్ళమ్మ పడవ ఒడ్డున పడుంటే ఇంటిల్లిపాదీ పస్తే.

ఎఫువా చిన్నప్పుడు తాడు లాగమంటే, "వలకి ఇన్ని కళ్ళెందుకు?" అంటూ కూర్చునేది. ఇప్పుడు సైన్సు టీచరై అదే ఒడ్డుకి పిల్లల్ని తెచ్చింది. ఇసుకలో పెద్ద గుండ్రం గీసి, మధ్యలో రబ్బరు చెప్పులు జతలుగా పేర్చింది. పిల్లల్ని రెండు వైపులా ఎదురెదురుగా నిలబెట్టి, ప్రతి జతలో ఒక చెప్పుకి ఈ వైపు తాడు, రెండోదానికి ఆ వైపు తాడు కట్టించింది.

నేను ఊరుకుంటానా?

"ఏమే ఎఫువా, ఏంటీ ఆట?"

"ఈ గుండ్రం మన ఒంట్లో ఒక కణం అనుకో ఆంటీ. అది రెండయ్యే ముందు, అందులో సెంట్రియోల్ అనే బుల్లి గొట్టాల జత రెండు జతలవుతుంది. చెరో కొసకీ పోయి నిలబడతాయి. అక్కణ్ణుంచి సన్నటి దారాలు సాగి, మధ్యనున్న క్రోమోజోముల్ని పట్టుకుంటాయి. ఈ చెప్పులే అవి. జతలో రెండూ ఒకదానికొకటి నకలు. చెరోటీ చెరో వైపు పోవాలి. లెక్క తప్పిందా, పుట్టే కణాలు పాడైపోతాయి."

"మరి కొబ్బరిచెట్టుకో?"

"దానికి సెంట్రియోల్ ఉండదు ఆంటీ. లేకుండానే దారాలు కట్టుకుంటుంది."

"చూశావా, మనకంటే అదే నయం!"

"లాగండర్రా!" అంది ఎఫువా. జాలర్ల పిల్లలు కదా, వెంటనే వల లాగే పాట అందుకున్నారు. వల దగ్గరపడే కొద్దీ రెండు గుంపులూ ఒకదానివైపు ఒకటి జరగడం మావాళ్ళకి నడకతోపాటే వస్తుంది. వీళ్ళూ గుండ్రం చుట్టూ జరిగి జరిగి, చివరికి సముద్రం వైపు తిరిగి పక్కపక్కనే నిలబడి లాగారు. చెప్పులన్నీ ఒకే కుప్ప.

"జరక్కండి! కొసలు కలిస్తే కణం రెండెలా అవుతుందిరా!" అని ఎఫువా గొంతు చించుకుంది. ఆ పాటలో ఎవడు వింటాడు? గట్టు మీంచి చూసినవాళ్ళకి పాట, తాళ్ళు, కుప్ప కనిపించాయి. ఇంకేం, వల అన్నారు.

సాయంత్రం నానా ఎగీర్ ఆమెను పిలిపించాడు. పిలవకపోయినా నేనూ వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పాను.

"చెప్పులా? కూరకి పనికొస్తాయా?" అని నవ్వి, నావైపు తిరిగాడు. "నువ్వు లేని చోటంటూ ఉందా ఎసీ?"

"ఉంటే చెప్పండి నానా, రేపే వెళ్తాను."

ఆయన నవ్వు ఆపి ఎఫువా వైపు చూశాడు. "సరే, వల కాదు. కానీ వలపాట పాడించి ఆ రోజుని ఎగతాళి చేశావేమోనని నా అనుమానం. మంగళవారం తప్ప నీకింకో రోజే దొరకలేదా ఎఫువా? ముందిది చెప్పు, పడవ సంగతి తర్వాత."

మర్నాడు ఆ పడవ అందరితోపాటే సముద్రంలోకి వెళ్ళిందంటే ఎఫువా చెప్పిన జవాబు వల్లే. వినయంగా మోకాలు వంచి అంది:

"మిగతా రోజుల్లో నా క్లాసు పిల్లలంతా మీ వలలే లాగుతుంటారు కదా, నానా."