గుడ్డ కప్పిన కడవ

మా ప్రార్థన హాలు ఆదోనిలో పత్తి మార్కెట్ వెనక సందులో ఉంటుంది. అది గుడి కాదు. విగ్రహం లేదు, పూజారి లేడు. గురువారం సాయంత్రం ఒక దీపం ముట్టించి, పాటలు పాడుకుని, ఎవరో ఒకరు నాలుగు మంచి మాటలు చెబితే వింటాం. నచ్చకపోతే ఎదురు ప్రశ్న వేస్తాం. ఒకసారి ఒకాయన లేచి, తనకు దేవుడి మీద నమ్మకం లేదన్నాడు. "సరేలే, కూసోప్పా, బువ్వ తినిపో" అన్నారు తప్ప ఎవరూ కళ్ళెర్రజేయలేదు. మండీ షావుకార్లూ, హొళగుంద వైపు నుంచి జిన్నింగు మిల్లుల్లో పనికొచ్చే ఆడవాళ్ళూ ఒకే జంఖానా మీద కూర్చునేవాళ్ళు.

నేను అక్కడికి చేరింది నా భర్త పోయిన తర్వాత. ఎమ్మిగనూరులో మా అక్క కూతురి పెళ్ళికి పోతే, నన్ను వంటింటి వెనక కూరగాయల దగ్గర కూర్చోబెట్టారు. తాళి కట్టే వేళకు "నువ్వు ఈడే ఉండు" అని మా అక్కే చెప్పింది. తిరిగొచ్చి మిషన్ ముందు కూర్చుని జాకెట్లు కుట్టుకుంటూ ఏడుస్తుంటే అయ్యవారు వచ్చారు. రిటైరైన బడిపంతులు, ఆ హాలు మొదలుపెట్టిన మనిషి. "అమ్మా, వచ్చే గురువారం దీపం నువ్వే ముట్టియ్యాల" అన్నారు. గురువారం ఆయనే అగ్గిపెట్టె చేతికిచ్చారు, పుల్ల రెండుసార్లు ఆరిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆ మనిషిని నెత్తిన పెట్టుకున్నాను. వరస వచ్చినప్పుడల్లా దీపం నేనూ ముట్టించాను.

ఆ హాలుకు ఎందుకంత ఇస్తావని మా మరిది ఎగతాళి చేసేవాడు. మోక్షం ఏమైనా రాసిస్తారా అనేవాడు. మోక్షం సంగతి నాకు తెలియదు. ఊళ్ళో నన్ను మనిషిగా ముందుకు పిలిచిన చోటు అదొక్కటే. దాని అద్దె, కరెంటు బిల్లు, భోజనాల బియ్యం నా కష్టంలోంచి కూడా పోవాలనిపించేది.

ఇవ్వడానికి మాకొక పద్ధతి ఉండేది. చివర్లో ఒక రాగి కడవ చేతులు మారుతుంది. దాని మూతికి గుడ్డ కప్పి ఉంటుంది. ప్రతి ఒక్కరూ పిడికిలి మూసి గుడ్డ కింద నుంచి చెయ్యి లోపల పెట్టాలి. ఉన్నవాళ్ళు నోటు వేస్తారు, లేనివాళ్ళు గుప్పెడు జొన్నలు వేస్తారు. ఏమీ లేనివాళ్ళు ఉత్త పిడికిలే పెట్టి తీస్తారు. చిల్లర వేసేవాళ్ళు గలగలమనకుండా అడుగు దాకా చెయ్యి దించి వదలాలి. ఎవరెంత వేశారో చూడకూడదు, అడగకూడదు. ఇది కూడా అయ్యవారు పెట్టిన పద్ధతే. దాన్ని చూసి మేమెంత మురిసిపోయేవాళ్ళమో!

మొన్న వానలకు హాలు కప్పు కారింది. ఒక మిల్లు యజమాని స్లాబు వేయిస్తానన్నాడు, నేలకు పాలరాయి పరిపిస్తానన్నాడు. రెండూ అయ్యాక గుమ్మం పక్కన ఆయన పేరుతో రాయి లేచింది. పోనీలే అనుకున్నాం. ఆ గురువారం దీపం వరస నాది. నేను లేవబోతుంటే అయ్యవారు నా వైపు చూడకుండానే, "ఇంకమీదట దీపం ముత్తైదువలే ముట్టిస్తారు. దాతగారి కోరిక" అన్నారు. మిల్లు యజమాని భార్య పట్టుచీరలో లేచింది. నేను అగ్గిపెట్టె ఆమె చేతికిచ్చి పోయి తలుపు దగ్గర కూర్చున్నాను.

మరునాడు ఆయన ఇంటికే పోయి నిలదీశాను.

"ఏమయ్యవారూ, నన్ను పిలిచింది మీరే గదా? ఇన్నేండ్లు మేమేసింది లెక్కలేదా?"

"లెక్క యాడుందమ్మా? ఎవురెంతేసినారో సూడకూడదని మనమే అనుకుంటిమి. ఆయప్ప ఇచ్చింది కండ్లకు కనబడతాంది. మీరిచ్చింది ఏమని సూపియ్యాల?"

లేనివాళ్ళు సిగ్గుపడకూడదని కప్పిన గుడ్డ అది. దాన్నే మా మొహాన కప్పాడు. పరాయివాడు చేసుంటే తిట్టి ఊరుకునేదాన్ని. నా చేతికి మొదట అగ్గిపెట్టె ఇచ్చిన మనిషే నా గొంతు కోశాడు.

తర్వాతి గురువారం పోకూడదనుకునే పోయాను. తలుపు దగ్గరే, చిట్టచివర కూర్చున్నాను. నా పక్కన హొళగుంద నుంచి మిల్లు పనికొచ్చే ఒకామె. ఆమెకూ భర్త లేడు. గతంలో ఆమె కూడా దీపం ముట్టించింది. ఈ గురువారం ఆమె పాట కూడా పాడలేదు. కడవ హాలంతా తిరిగి ఆమె దగ్గరికొచ్చింది. ఆమె చెయ్యి పెట్టి తీసి, నా ఒళ్ళోకి జరిపింది. నేను ఉత్త పిడికిలే తెచ్చుకున్నాను. గుడ్డ కింద చెయ్యి దించాను. నోటు తగల్లేదు, జొన్నగింజ తగల్లేదు. అడుగున చల్లగా రాగి తగిలింది. ఆమె వైపు చూశాను. ఆమె కొత్త పాలరాయి వైపు చూస్తోంది.

కడవ ఎత్తుకుపోయి అయ్యవారి ముందు పెట్టాను. తేలిగ్గా ఉందని పెట్టిన చప్పుడుకే తెలిసిందేమో, ఆయన చెయ్యి గుడ్డ మీదికి పోయింది.

"ఎవురెంతేసినారో సూడకూడదయ్యవారూ" అన్నాను.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.