చీటీలో రాసిన రంగు

సినిమా దుస్తుల విభాగంలో బట్టలకు రంగులద్దే ఆయన్ని అందరూ రంగులాయన అంటారు. అద్దిన రంగుకు పేరు గానీ నంబరు గానీ పెట్టే రకం కాదాయన. ఏ పాత్ర కోసం అద్దాడో ఆ మనిషి గుణాన్నే చీటీ మీద రాసి బట్టకు గుచ్చుతాడు. "మాట తప్పేవాడు." "నవ్వుతూ దాచుకునే మనిషి." "నీలం, ఆకుపచ్చ అని కొట్టువాడు రాస్తాడు. నేను మనిషిని రాస్తా!" అంటూ కోతలు కూడా కోస్తాడు. కోతలే గానీ పనిమంతుడు, కాదనలేం.

ఈసారి వచ్చిన పాత్ర, ఇంట్లోనే ఉంటూ ఎవరి కంటా పడని ఆడమనిషి. ఆమె శాలువాకు తొమ్మిది రంగులు అద్దితే తొమ్మిదీ తిప్పి పంపింది డిజైనరమ్మ. "ఇవన్నీ పేదరికమండీ. నాక్కావాల్సింది అది కాదు."

రుసరుసలాడుతూ ఇంటికెళ్లాడు. తలుపు వెనక కొక్కేనికి అక్క శాలువా వేలాడుతోంది. నీలమో బూడిదో తేలని రంగు. అమ్మ పోయాక తనను పెంచింది ఆ అక్కే. అదే విభాగంలో గుండీలూ అంచులూ కుడుతుంది.

"ఇలా ఇవ్వక్కా, ఉతికి తెస్తా," అన్నాడు. పచ్చి అబద్ధం.

డిజైనరమ్మ చూడగానే "ఇదే!" అంది. ఆయన ఉబ్బితబ్బిబ్బైపోయి, ఆ శాలువాకే చీటీ గుచ్చాడు: "ఉన్నా లేనట్టే." అచ్చం అలాంటిదే ఇంకోటి అద్ది, దానికి అంచు కుట్టడానికి పాతదాన్ని నమూనాగా జతచేసి పంపాడు. కుట్టేదెవరో ఆలోచించాడా? లేదు, మహానుభావుడు!

మధ్యాహ్నం గుర్తొచ్చి పరుగెత్తాడు. అప్పటికే అక్క కళ్లజోడు పెట్టుకుని కొత్తదానికి అంచు కుడుతోంది. పాతది, చీటీతో సహా, పక్కనే మడిచి ఉంది.

"అది... పాత్ర గురించి రాసిందక్కా."

"దస్తూరి నీదేగా, చదివాను."

సిగ్గుతో చచ్చిపోయాడు. ఎదురుగా నిలబడలేకపోయాడు, వెళ్లనూ లేకపోయాడు.

"ఈ పాత శాలువా నీ చేతిదేరా, గుర్తుపట్టలేదూ? పనిలో చేరిన కొత్తలో నాకని అద్దిచ్చావు. నెమలి కంఠం రంగు. మూడు ఉతుకులకే వెలిసిపోయింది. తీసేస్తే చిన్నబుచ్చుకుంటావని కప్పుకుంటూనే ఉన్నా."

ఆయన చీటీ పీకబోయాడు. అక్క చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీరా. రెండూ ఒక్కలాగే ఉన్నాయి. అది తీసేస్తే, ఏది నాదో ఎలా తెలుస్తుంది?"