ఊగే గేరు రాడ్డుతో పలాస నుంచి టెక్కలికి, అక్కణ్ణుంచి ఉద్దానానికి

ఆదివారం పొద్దున్న ఆరుంబావుకి పలాసని ఆనుకునే ఉన్న కాశీబుగ్గలో మా ఇంటి ముందు నుంచి కారు తీశాను. తోడు ఎవరూ లేరు. ఫ్లాస్కులో టీ, వెనక సీట్లో పాత చాప, ఒక టార్చిలైటు, వీటన్నిటికంటే ఎక్కువగా కోపం. ముందురోజు ఊళ్లో ఒక మెకానిక్కు బానెట్ కూడా ఎత్తకుండా "గేర్‌బాక్సు దించాల్సిందే మేడం, నాలుగు రోజులు వదిలెయ్యండి" అన్నాడు. నేను లెక్కల టీచర్ని. స్టెప్పులు వెయ్యకుండా జవాబు రాసినవాడికి ఇన్నేళ్లలో ఒక్క మార్కు వెయ్యలేదు.

పైగా నా దగ్గర నాలుగు రోజులు లేవు. మా అక్క భర్త, అంటే మా బావ, సముద్రం ఒడ్డున ఉద్దానం పల్లెలో కొబ్బరి, జీడి తోటలు చూసుకునే మనిషి. రెండేళ్లుగా ఆయనకి వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. ఈ కారూ ఆయనదే. తను నడపలేని పరిస్థితి వచ్చాక నా చేతికిచ్చాడు. అప్పట్నుంచీ నేనే ఎక్కించుకుని వస్తున్నాను. మొన్న శుక్రవారం రైల్వే గేటు దగ్గర రెండో గేరు ఎంతకీ పడలేదు. కింద ఠంగుమని చప్పుడు, వెనక లారీల హారన్లు. ఇంటికి చేరాక బావ "ఇంక నాకోసం తిరగొద్దు. బండికీ నాకూ ఇద్దరికీ పనైపోయింది" అన్నాడు. అంతకుముందు వారమే ఏదో వంక పెట్టి ఒక టర్ను ఎగ్గొట్టాడు. మళ్లీ ఎగ్గొడితే ప్రాణం మీదకి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. సోమవారం ఆయన ఈ కారెక్కాలి. నాకు కావలసింది అదొక్కటే.

టెక్కలిలో ఇంకో మెకానిక్కుకి చూపిద్దామని హైవే ఎక్కి, గేరు రాడ్డునే గమనిస్తూ నడిపాను. యాక్సిలరేటర్ నొక్కితే అంగుళం వెనక్కి వస్తోంది, వదిలితే ముందుకి పోతోంది, పోయిన ప్రతిసారీ కింద ఠంగుమంటోంది. కానీ పడిన గేరు జారిపోవడం లేదు, కరకరలాడడం లేదు. గేర్‌బాక్సులో పళ్లు అరిగిపోతే అవి ఇంత మర్యాదగా ఉండవు కదా అనుకున్నాను.

ఆరూ యాభైకి నందిగాం దగ్గర ఒకావిడ చెయ్యెత్తింది. పేరు సావిత్రమ్మ. బస్సు తప్పిపోయిందట, టెక్కలిలో కూతురింటికి వెళ్లాలట. జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే పని. ఎక్కించుకున్నాను గానీ, నాకూ ఒక మనిషి సాయం కావాలి. పక్కనే ఖాళీ స్థలం కనిపిస్తే కారు అందులోకి దింపి, స్టీరింగు పూర్తిగా తిప్పి రెండు చుట్లు కొట్టాను. చక్రాల దగ్గర టకటకమంటే యాక్సిల్ జాయింటు పోయినట్టు. ఏ చప్పుడూ రాలేదు. సావిత్రమ్మ మాత్రం తలుపు గట్టిగా పట్టుకుంది.

"టెక్కలి ఇటు కాదు టీచరమ్మా, ఏటిలా తిప్పేత్తన్నావు?"

కారు ఆపి ఆవిణ్ణి దించి, బానెట్ ఎత్తి, ఇంజను ఎలా కదులుతుందో చూడమని కారుకి పక్కగా నిలబెట్టాను. ఈ పరీక్ష చేసేవాళ్లు ఎవరైనా మనిషిని ముందు మాత్రం నిలబెట్టకండి. హ్యాండ్‌బ్రేకు లాగి, మొదటి గేరులో క్లచ్చి సగం వదిలాను. తర్వాత రివర్సులో.

"అమ్మ బాబోయ్! పడుకున్న గేదె లేసినట్టు లేత్తంది!" అని అరిచింది.

సగం జవాబు దొరికింది. ఇంజనూ గేర్‌బాక్సూ కలిసి రబ్బరు దిమ్మల మీద కూర్చుంటాయి. దిమ్మ పాడైతే రెండూ ఎగిరి పడతాయి, వాటితో పాటే రాడ్డూ ఊగుతుంది. నేను లెక్క తేలిందన్న సంబరంలో ఉండగానే సావిత్రమ్మ వంగి కారు కిందకి చూసింది. అడుగంతా నల్లటి జిగురు. వేలితో తీసి వాసన చూసింది.

"ఇది ఇంజినాయిలు కాదు. జీడి సమురు. ముప్పయ్యేళ్లు ఈ సేతులు దీంతోనే కాలినాయి, నాకు తెలీదేటి?"

కారు కిందకి జీడినూనె ఎలా వచ్చిందో నాకు ఒక అనుమానం వచ్చింది.

ఎనిమిదికి టెక్కలి చేరాం. ఆవిణ్ణి కూతురింటి సందులో దింపి, బస్టాండు దగ్గర ఇడ్లీ తిని, అడుగుతూ అడుగుతూ కారు కిందకి దిగి చూసే గొయ్యి ఉన్న మెకానిక్ షెడ్డు ఒకటి పట్టుకున్నాను. ఆదివారమైనా తెరిచి ఉంది. పెద్దాయన నా కథంతా విని "సగం పని మీరే సేసీసినారు" అన్నాడు. ఆ మాటతో నా కోపం సగం దిగిపోయింది. గొయ్యిలోకి దిగి రబ్బరు దిమ్మ ఊడదీస్తే హల్వాలాగా వేలికి అంటుకుంది. రాడ్డు చివర చిన్న రబ్బరు బుష్షుదీ అదే గతి. "గేర్‌బాక్సుకి ఏటీ అవలేదమ్మా" అన్నప్పుడు ఆయన చేతులు పట్టుకోవాలనిపించింది. తెలిసిన షాపుకి ఫోను చేసి షట్టరు ఎత్తించి సామాను తెప్పించాడు. పన్నెండున్నరకి పని పూర్తయింది. అడుగంతా డీజిలు గుడ్డతో తుడిపించి బయల్దేరాను.

పలాస మీదుగా రెండున్నర దాటాక బావ ఊరు చేరాను. ఆయన వరండాలో మంచం మీద ఉన్నాడు. మంచినీళ్లు కూడా తాగకుండా అడిగాను.

"వేసవి సెలవుల్లో నేనూ బండీ ఇక్కడే ఉన్నాం కదా, నాకు తెలీకుండా కింద ఏమైనా రాశావా?"

ఆయన ముఖం వెలిగిపోయింది. "మరేటి! ఉప్పుగాలికి ఇనుము ఆగుద్దా? పడవలకి రాసినట్టు రెండుసార్లు జీడి సమురు రాసినాను. కూకోలేక, కింద పడుకునే రాసినాను."

కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ ఒంటితో నేల మీద పడుకుని, నాకోసం! దాచేద్దామనుకున్నాను. కానీ రోగం వచ్చిన దగ్గర్నుంచీ అందరూ ఆయన దగ్గర ఏదో ఒకటి దాస్తూనే ఉన్నారు. అందుకని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఇనుము భేషుగ్గా ఉంది, రబ్బరు మాత్రం ఆ నూనెకి కరిగిపోయింది, శుక్రవారం గేరు పడనిది దానివల్లే అని.

బావ మంచం మీంచే కారు వైపు చూశాడు. "అయితే బండికి పనైపోలేదన్నమాట. నానే సెడగొట్టినాను."

"నువ్వే. కాబట్టి రేపు నువ్వే పక్కన కూర్చుని, బాగయిందో లేదో చూసి చెప్పాలి. ముప్పయ్యేళ్లు బండి నడిపినవాడివి, నువ్వు సరే అంటేనే నేను నమ్ముతాను."

వంటింట్లోంచి అక్క "ఎల్లు, సేసినోడివి ఎల్లి సూడు" అంది. ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను.

సోమవారం ఆరింటికి ముందు సీట్లో కూర్చున్నాడు. దారి పొడుగునా రాడ్డు మీద ఒక వేలు ఆనించే ఉంచాడు. స్పీడుబ్రేకరు వచ్చినప్పుడల్లా తల వంచి విన్నాడు. ఏడుకి ఆస్పత్రిలో దిగాడు. నేను బడికి సెలవు పెట్టి బయటే కూర్చున్నాను.

పన్నెండున్నరకి తిరుగు ప్రయాణం. ఈ రెండు రోజుల్లో నేను కొత్తగా చూసిన ఊరంటూ ఒక్కటీ లేదు. అయినా ఇంత దూరం ఎప్పుడూ తిరగలేదనిపించింది. బావ సీటు వెనక్కి వాల్చి, నీరసంగా కళ్లు మూసుకున్నాడు.

"ఎలా ఉంది బావా?"

"సప్పుడు లేదు."

జీడితోటలు మొదలయ్యాయి. నిద్రపోయాడనుకున్నాను.

"ఒక్క రోజుకి ఏటి తెలుత్తాది మరదలా" అన్నాడు కళ్లు తెరవకుండానే. "బుధవారం కూడా ఎక్కి సూత్తాను."

"ఆరింటికల్లా తయారుగా ఉండు" అన్నాను.