కల్లం మీద వాటా

పిల్లలూ, మొన్న ఫోన్లో అడిగారు కదా, "బస్టాండుల్లో అంతమంది ఎందుకు అడుక్కుంటారు బాపమ్మా, పని చేసుకోవచ్చు కదా?" అని. అందరి సంగతీ నాకు తెలియదు. ఒక్కతని సంగతి తెలుసు.

మా ఊళ్లో కల్లంలో వడ్లు తూర్పార పట్టే రోజుల్లో ఒకాయన తంబూర పట్టుకుని వచ్చేవాడు. తాతల తాతల నుంచి మా ఇంటి పెద్దల పేర్లు వరసగా పాడేవాడు. రాశి కొలిచే ముందే అతని వాటా పక్కన పెట్టాలి. అది దానం కాదు. తక్కువైతే మీ తాతతో పోట్లాటే: "ఏం పటేలా, మీ తాత పేరు సగమే చెప్పాల్నా?"

తర్వాత కోత మిషన్ వచ్చింది. వడ్లు పొలంలోంచే ట్రాక్టరెక్కి కొనుగోలు కేంద్రానికి పోతున్నాయి. కల్లమే లేకపోతే అతను ఎక్కడ నిలబడాలి? మీ తాత పోయాక నేనూ పొలం కౌలుకిచ్చి పెద్దపల్లిలో అద్దె గదికి వచ్చేశాను.

పోయిన యాసంగి కోతలప్పుడు బస్టాండులో అతణ్ని చూశాను. ముందర గిన్నె. నేను పది రూపాయలు తీస్తే గిన్నె వెనక్కి లాక్కున్నాడు.

"నన్ను గుర్తువట్టలేదా?" అన్నాను.

"గుర్తువట్టిన కాబట్టే వద్దంటున్న అమ్మా. గీళ్లందరి కాడ తీసుకుంటున్న. మీ ఇంటిది కల్లం మీద తీసుకున్నోన్ని. గిట్ల తీసుకుంటే ఇగ నేను బిచ్చపోన్నే."

పక్కన చాయ్ బండివాడు నవ్వాడు. "పాటలు బంద్ జేసి పని జేస్కోరాదే తాతా!"

"గా పాటనే నా పనిరా. మిషిన్ మీద కూసుండి పాడమంటవా?"

"వడ్లు తెప్పిస్త, మా రూముకు రా," అన్నాను. "మా ఇంటోళ్ల పేర్లు విని శాన దినాలాయె."

ఆ వరస తెలిసినవాడు అతనొక్కడే మిగిలాడు. మీ తాత పేరు నా నోటితో నేను పలకను. నా దగ్గర పలికేవాళ్లు ఇంకెవరూ లేరు.

కౌలుదారు బస్తా దింపుతూ గొణిగాడు. "వడ్లేం జేస్కుంటవు అవ్వా, బియ్యమే తెస్తుంటి గదా."

రమ్మన్న రోజు అతను వచ్చాడు, ఉతికిన ధోతి కట్టుకుని. బస్తా పక్కన నిలబడి పాట అందుకున్నాడు. కళ్లు మూసుకుని విన్నాను. మా మామగారి తండ్రి పేరు వచ్చింది. మామగారి పేరు వచ్చింది.

అప్పుడే పై అంతస్తు నుంచి ఇంటి ఓనరమ్మ తొంగి చూసింది. మంచి మనిషే. "ఇగో తాతా, తీస్కొని పో. అవ్వ ఒక్కతే ఉంటది, పరేషాన్ జెయ్యకు," అంటూ ఐదు రూపాయల బిళ్ల కిందికి వేసింది.

పాట ఆగింది. అతను వంగి బిళ్ల తీసుకుని జోలెలో వేసుకున్నాడు.

"ఆమెకు తెల్వది. నువ్వు పాడు," అన్నాను. "వడ్లు నీయే."

"ఈ వాకిట్ల బిచ్చం తీసుకున్నంక వాటా ఎట్ల తీసుకోవాలె అమ్మా," అని గేటు దగ్గరికి వేసి వెళ్లిపోయాడు.

మామగారి తర్వాత రావలసింది మీ తాత పేరే.